రాయనివారి రాత: ప్రాచీన దంతాలు, డిజిటల్ ప్రతులు

సాహిత్య విమర్శకు కేటాయించిన పుటల్లో పళ్ల గురించి వ్యాసమేమిటని పాఠకులు అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కనక జవాబు మొదటే చెప్పడం మంచిది.

చరిత్రకు ఆధారాలని మనం చూపించే వాటిలో అధికభాగం, రాయించగల స్థోమత ఉన్నవారు రాయించినవి. శాసనం వేయించినవాడు రాజు, సామంతుడు, కాకపోతే గుడిలో అఖండదీపం పెట్టించగలిగిన వర్తకుడు. తాళపత్రం మీదికి ఎక్కింది కృతిభర్త వంశావళి. చెరువు తవ్వించినవాడి పేరు రాతి మీద ఉంటుంది. తట్ట మోసినవాడి పేరు ఉండదు. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ లేవనెత్తిన ప్రశ్న ఇదే. ఆ ప్రశ్నను సభల్లో వల్లించడం ఒక ఎత్తు, దానికి జవాబు ఎక్కడ దొరుకుతుందో వెతకడం మరొక ఎత్తు. గ్రంథాలు చెప్పని చరిత్రను పొలాల్లో, పనిముట్లలో, ఆచారాల్లో వెతకవచ్చునని 1956లో వెలువడిన తన భారత చరిత్ర గ్రంథంలో కోశాంబి చూపించారు. ఆయన స్వయంగా నాణేలు తూచారు. పూణె పరిసరాల్లో కాలినడకన తిరిగి సూక్ష్మశిలా పరికరాలు ఏరారు.

ఆ దారిలోనే మరికొంత దూరం వెళితే పురాతన సమాధుల్లో దొరికే మానవ దంతాలు ఎదురవుతాయి. అక్షరం ఎరగని మనిషి తన బాల్యాన్ని, ఆకలిని, పనిని, తిండిని తనకు తెలియకుండానే అక్కడ రాసిపెట్టాడు. ఆ రాతను చెరపకుండా చదవడానికీ, దానికి ప్రతులు తీసి దాచడానికీ గత నాలుగు దశాబ్దాల్లో రూపొందిన పద్ధతే దంతాల డిజిటల్ స్కానింగు.

నేను దంతవైద్యుణ్ణి కాను, పురావస్తు శాస్త్రజ్ఞుణ్ణీ కాను. ప్రతులు, పాఠభేదాలు, పరిష్కరణలు అనే గొడవలో కాలం గడిపే సాహిత్యం మనిషిని. ఆ దృష్టితోనే ఈ పద్ధతిని వివరిస్తాను. నా వాదం ఇది: స్కాను అనేది ప్రతి, మూలం కాదు. తాళపత్ర ప్రతుల విషయంలో మనం పాటించవలసిన క్రమశిక్షణ అంతా దీనికీ వర్తిస్తుంది; ఆ ప్రతి ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న కూడా వర్తిస్తుంది.

పన్ను ఏం రాస్తుంది?

ఎముక జీవితమంతా అరుగుతూ, తిరిగి కట్టుకుంటూ ఉంటుంది. ఇరవయ్యేళ్లనాటి ఎముక అరవయ్యేళ్లకు అదే పదార్థం కాదు. పంటి పైనుండే పింగాణి పొర సంగతి వేరు. అది చిన్నతనంలో ఒక్కసారే తయారవుతుంది. ఆ తరువాత శరీరం దాన్ని మార్చలేదు, బాగుచేయలేదు. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అందుకే మట్టిలో ఎముకలు కరిగిపోయిన చోట కూడా పళ్లు మిగులుతాయి.

ఈ పొర రోజుకింత చొప్పున పేరుకుంటుంది. పంటిని పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే రోజువారీ అడ్డగీతలు కనిపిస్తాయి. కొన్ని రోజులకొకటి చొప్పున, మనిషిని బట్టి ఆరు నుంచి పన్నెండు రోజులకు, మరింత ప్రస్ఫుటమైన గీత పడుతుంది. పుట్టిన రోజు కూడా ఒక గీతగా నిలిచిపోతుంది. పాలపళ్ల పింగాణి తల్లి కడుపులోనే మొదలవుతుంది కనక ఆ జన్మరేఖకు ముందున్న భాగం తల్లి పరిస్థితిని చెబుతుంది, తరువాతి భాగం బిడ్డ పరిస్థితిని చెబుతుంది. తీవ్రంగా జబ్బు చేసినా, తిండి చాలకపోయినా పొర పేరుకోవడం కుంటుపడి పంటి మీద అడ్డంగా గాడి, లేదా గుంట పడుతుంది. పెద్దయ్యాక ఎంత బాగా తిన్నా ఆ గాడి పూడదు.

మహారాష్ట్రలో పూణె జిల్లాలోని ఇనాంగావ్ ఇందుకు మంచి ఉదాహరణ. 1968 నుంచి దాదాపు పదిహేనేళ్ల పాటు డెక్కన్ కళాశాల పండితులు అక్కడ తవ్వకాలు జరిపారు. ఇప్పటికి సుమారు మూడువేల ఏళ్ల కిందటి తామ్రశిలాయుగపు రైతుల ఊరు అది. చనిపోయిన పసిపిల్లలను రెండు కుండల మూతులు ఎదురెదురుగా ఆనించి, వాటి మధ్య పడుకోబెట్టి, ఇంటి నేల కిందనే పాతిపెట్టేవారు. అక్కడ దొరికిన సమాధుల్లో ఎక్కువ భాగం పిల్లలవే. ఆ పిల్లల పాలపళ్ల పింగాణిలో కనిపించే లోపాలను జాన్ లుకాచ్, ఎస్.ఆర్. వాలింబే అధ్యయనం చేశారు. ఆ ఊరి గురించి ఏ పురాణమూ చెప్పలేదు, ఏ ప్రశస్తీ లేదు. కాని బిడ్డకు ఎప్పుడు కష్టం వచ్చిందో, తల్లికి కడుపుతో ఉండగా కష్టం వచ్చిందో లేదో చెప్పే సాక్ష్యం ఆ కుండల్లో ఉంది.

ఇది ఏనాటి ముచ్చటో అనుకోనక్కరలేదు. పంటి మీద సమాజం ఎలా రాస్తుందో నల్లగొండ జిల్లా వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. తాగే నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే, పింగాణి తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్ల మీద జీవితాంతం పోని గోధుమరంగు మచ్చలు పడతాయి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా తొలుత వర్ణించిన నివేదికల్లో ఒకటి 1937లో నాటి నెల్లూరు జిల్లా గురించి వెలువడింది. ఆ నాటి నుంచి మంచినీళ్లకోసం ఎన్ని అర్జీలు పెట్టారో కాగితాల్లో వెతకాలి. నీళ్లు రాలేదన్న సంగతి మాత్రం పళ్ల మీదే ఉంది. ఇప్పటి పాకిస్తాన్‌లో బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన నవీన శిలాయుగపు దంతాల మీద కూడా ఫ్లోరైడు మచ్చలను 1980లలో పరిశోధకులు గుర్తించారు. వేల ఏళ్ల దూరాన ఉన్న రెండు ఊళ్లు ఒకే లిపిలో రాశాయి.

బాల్యం ఒక్కటే కాదు. తిరగలి రాతి పొడి కలిసిన పిండి తిన్న నోటికీ మెత్తని అన్నం తిన్న నోటికీ అరుగుదల వేరు. నారలు, దారాలు పళ్లతో పట్టి లాగినవారి ముందుపళ్ల మీద సన్నని గాళ్లు పడతాయి. వ్యవసాయం స్థిరపడి పిండిపదార్థం పెరిగిన అనేక సమాజాల్లో పుచ్చుపళ్లు పెరిగాయి. ఇక పళ్లకు పట్టే గార, బతికి ఉండగా నోట్లోకి వెళ్లిన సూక్ష్మరేణువులను, క్రిములను తనలో ఇముడ్చుకుని రాయిలా గట్టిపడుతుంది. ‘పళ్ల బిగువున’ కష్టం భరించడం అని మన భాషలో ఉన్న మాట ఈ విషయంలో అక్షరసత్యం: బిగబట్టిన దవడ కూడా పంటిని అరగదీస్తుంది.

చదివితే చెరిగిపోయే రాత

అయితే ఈ రాతకు ఒక విచిత్రమైన లక్షణం ఉంది. దీన్ని చదివే పద్ధతుల్లో చాలా భాగం దీన్ని నాశనం చేసేవే. గీతలు లెక్కపెట్టాలంటే వజ్రపు రంపంతో పంటిని నిలువుగా కోసి, అందులోంచి మిల్లీమీటరులో పదో వంతు మందాన ముక్క తీయాలి. కాలనిర్ణయానికి, జన్యుపదార్థానికి, ఏ ప్రాంతపు నీళ్లు తాగాడో తెలిపే ఐసోటోపులకు పంటిని తొలిచి పొడి తీయాలి. ఆ పొడి మళ్లీ పన్ను కాదు.

ఇందులో రచయితలకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే కథ ఒకటి ఉంది. జర్మనీలో డాల్‌హైమ్ అనే చోట మధ్యయుగపు సన్యాసినుల మఠం ఉండేది. అక్కడి శ్మశానంలో దొరికిన ఒక స్త్రీ అస్థిపంజరపు పంటి గారలో నీలి రేణువులు కనిపించాయి. ఆమె క్రీ.శ. 1000-1200 మధ్య, నలభయ్యైదు అరవై ఏళ్ల మధ్య వయసులో చనిపోయింది. 2019లో ప్రకటించిన పరిశోధన ప్రకారం ఆ రేణువులు లాజవర్దం రాతినుంచి తీసిన రంగు. ఆ రాయి ఆ కాలంలో అఫ్గానిస్తాన్ నుంచి రావాలి; బంగారంతో సమానంగా చూసి, అతి విలువైన గ్రంథాల చిత్రాలకే వాడేవారు. కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకుంటూ గ్రంథాలకు రంగులు వేసిన స్త్రీ అయి ఉండవచ్చునని పరిశోధకులు భావించారు. సంతకం లేని ఆ లేఖకురాలి ఉనికిని పంటి గార నిలబెట్టింది. కాని గమనించవలసింది ఏమిటంటే, ఆ రేణువులు బయటపడాలంటే తీసిన గారను కరిగించాలి. కరిగిన గార మళ్లీ రాదు.

అంతకన్నా పెద్ద నష్టం శుభ్రత పేరుతో జరిగింది. పాత తవ్వకాల్లో దొరికిన పళ్లను నీళ్లలో వేసి బ్రష్షుతో తోమి, గార గీకి, తెల్లగా మెరిసేట్టు చేసి డబ్బాల్లో పెట్టడం చాలా చోట్ల ఆనవాయితీ. ఆనాడు గారకు విలువ ఉందని ఎవరూ అనుకోలేదు. మనకు ఈ తంతు కొత్తదేమీ కాదు: ‘అపభ్రంశం’ అని, ‘అశ్లీలం’ అని పరిష్కర్తలు కొట్టివేసిన పాఠాలు, పద్యాలు ఎన్ని? ఏది చెత్తో ఏది సారమో ఒక తరం నిర్ణయించి పారేస్తే, తరువాతి తరం అడగవలసిన ప్రశ్నకు ఆధారం లేకుండా పోతుంది.

కనక నియమం ఇది: కోయకముందు, తొలవకముందు, గార తీయకముందు ప్రతి తీయాలి.

ప్రతి తీసే పద్ధతులు

పద్ధతులు స్థూలంగా మూడు. మొదటిది ఛాయాచిత్రాలతో చేసేది. పంటి చుట్టూ అన్ని కోణాల నుంచి పదుల కొద్దీ, అవసరమైతే వందల కొద్దీ ఫోటోలు తీస్తే, వాటిలోని ఉమ్మడి బిందువులను పోల్చి కంప్యూటరు దాని ఆకారాన్ని కడుతుంది. ఖర్చు తక్కువ, రంగు కూడా దక్కుతుంది. మంచి కెమెరా, కొలబద్ద, ఓపిక ఉన్న ఏ కళాశాల అయినా చేయగలదు.

రెండవది కాంతి స్కానరు. లేజరు గీతనో, చారల వెలుగునో వస్తువు మీద ప్రసరింపజేసి ఆ చారలు ఎక్కడ ఎలా వంగాయో కొలిచి ఆకారాన్ని గణిస్తుంది. దంతానికి ఇక్కడొక చిక్కుంది. పింగాణి మెరుస్తుంది, కొంతవరకు కాంతిని లోపలికి పోనిస్తుంది. అందువల్ల కొలత తప్పుతుంది. కర్మాగారాల్లో అలాంటి వస్తువు మీద తెల్లని పొడి చల్లి స్కాను చేస్తారు. ప్రాచీన దంతం మీద ఆ పని చేస్తే గారలోని రేణువుల సాక్ష్యం కలుషితమవుతుంది. ప్రతి కోసం మూలాన్ని పాడుచేయడం ఏ పరిష్కర్తకూ తగదు.

మూడవది సూక్ష్మ సి.టి. ఆసుపత్రుల్లో వాడే సి.టి. స్కానుకు పునాది వేసిన హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. 1982లో లండన్‌లో ఇలియట్, డోవర్ అనే ఇద్దరు అదే సూత్రాన్ని అతి చిన్న వస్తువులకు అన్వయించి ఒక చిన్న నత్తగుల్ల లోపలి నిర్మాణాన్ని చూపించారు. ఇలియట్ దంతపు పింగాణి మీద పరిశోధన చేసిన శాస్త్రజ్ఞుడే కావడం గమనార్హం. ఇందులో పంటిని మెత్తని నురుగుదిమ్మెలో కదలకుండా నిలబెట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ వందల వేల ఎక్స్‌రే ఛాయలు తీస్తారు. ఆ ఛాయలన్నిటినీ కలిపి కంప్యూటరు లోపలి పొరలను, ముక్కలుగా కోసి చూపించినట్టు, చూపిస్తుంది. పింగాణి మందం, దాని కింది డెంటిన్ ఆకారం, లోపలి నరపు గది, బయటికి కనిపించని పుచ్చు అన్నీ తెలుస్తాయి. పన్ను మాత్రం చెక్కుచెదరదు.

మామూలు ప్రయోగశాల యంత్రం మిల్లీమీటరులో వందో వంతు దాకా, అవసరాన్ని బట్టి ఇంకా కిందికీ చూపగలదు. అయినా రోజువారీ గీతలు దానికి అందవు. వాటిని పన్ను కోయకుండా చూడాలంటే సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం వెలువరించే అతి తీక్షణమైన ఎక్స్‌రేలు కావాలి. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లోని యూరోపియన్ సింక్రోట్రాన్‌లో గత రెండు దశాబ్దాల్లో ఈ పని సాధ్యమైంది. అలాంటి యంత్రాలు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. ఏ పన్ను అక్కడి దాకా వెళుతుందో, ఏది డబ్బాలోనే ఉండిపోతుందో నిర్ణయించేది శాస్త్రం ఒక్కటే కాదు, డబ్బు కూడా.

ఎక్స్‌రే పద్ధతి కూడా పూర్తిగా నిరపాయకరం కాదు. కిరణాల మోతాదు మరీ ఎక్కువైతే ప్రాచీన జన్యుపదార్థం దెబ్బతినవచ్చునని 2016లో ప్రకటించిన పరిశోధన హెచ్చరించింది. భూమిలో ఉన్నంతకాలం పంటిలో చేరిన రేడియేషన్‌ను కొలిచి వయసు కట్టే పద్ధతి ఒకటుంది. స్కాను చేస్తే ఆ లెక్కలో మన కిరణాలు కూడా కలుస్తాయి. కనక ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమం ఆలోచించి, ఎంత మోతాదు వాడారో రాసిపెట్టాలి.

నూరేళ్లు డబ్బాలో ఉన్న దవడ

ఈ పద్ధతి ఏం సాధించిందో చూపడానికి ఒక ఉదాహరణ చాలు. ఇప్పటి స్లొవీనియాలో లోంచె అనే ఊరి గుహలో దొరికిన ఒక మానవ దవడ ముక్క ఇటలీలోని ట్రియెస్ట్ నగర మ్యూజియంలో దాదాపు నూరేళ్లు అలాగే ఉంది. ఆ నగరంలో అబ్దుస్ సలాం 1964లో స్థాపించిన సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం ఉంది, సింక్రోట్రాన్ కూడా ఉంది. ఆ సంస్థల శాస్త్రజ్ఞులు దవడను స్కాను చేసి, ఇతర పరీక్షలు జరిపి 2012లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 6500 ఏళ్ల కిందటి ఆ కోరపంటికి నిలువునా పగులు ఉంది. ఆ పగులులోనూ, అరిగిపోయి డెంటిన్ బయటపడ్డ చోటా తేనెమైనం నింపి ఉంది.

నొప్పికి చేసిన వైద్యమా? అలా అనుకోవడానికి మనసు ఉబలాటపడుతుంది. కాని పరిశోధకులు జాగ్రత్తగా మాట్లాడారు. మైనం ఆ మనిషి బతికి ఉండగా నింపిందైతే, నొప్పి తగ్గించడానికే అయి ఉండాలన్నారు. చనిపోయిన తరువాత నింపి ఉండే అవకాశాన్ని పూర్తిగా కొట్టివేయలేదు. మెహర్‌గఢ్ విషయంలో ఈ సందిగ్ధం లేదు. అక్కడ 7500 నుంచి 9000 ఏళ్ల కిందటి తొమ్మిది మంది పెద్దవాళ్ల దవడపళ్లు పదకొండింటిని తొలిచినట్టు 2006లో నేచర్ పత్రిక ప్రచురించిన పరిశోధన చూపించింది. రంధ్రాల అంచులు నునుపుదేరాయి. అంటే తొలిచిన తరువాత కూడా ఆ మనుషులు ఆ పళ్లతో నమిలారు. పూసలకు బెజ్జాలు వేసే చెకుముకిరాతి బరమాలే ఆ పనికి వాడి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. పూసలు చేసే చేతివృత్తి నైపుణ్యం వైద్యానికి తల్లి అయిందన్నమాట. శ్రమ నుంచి జ్ఞానం పుడుతుందనే మాటను సిద్ధాంతంగా నమ్మేవారికి ఆ పదకొండు దంతాలు కంటికి కనిపించే రుజువులు.

ప్రతి, పాఠం, పరిష్కరణ

ఇప్పుడు నా అసలు విషయానికి వస్తాను. స్కాను వచ్చింది కనక సందేహాలు తీరిపోయాయని, యంత్రం అబద్ధం చెప్పదని అనుకోవడం పొరపాటు. కడపలో ఉండి సి.పి. బ్రౌన్ తాళపత్రాలు సేకరించి, పండితులను పెట్టి ప్రతులను పోల్పించి, శుద్ధప్రతులు రాయించిన చరిత్ర మనకు తెలుసు. ఆ శుద్ధప్రతి ఎంత విలువైనదైనా అందులో పోల్చినవారి నిర్ణయాలు ఉన్నాయి. అందుకే మూల ప్రతులు ఇప్పటికీ కావాలి. స్కానులోనూ అంతే.

యంత్రం నిజంగా ఇచ్చేది బూడిదరంగు చుక్కల రాశి. ఎక్కువ సాంద్రత ఉన్నచోట తెలుపు, తక్కువ ఉన్నచోట నలుపు. ఏ ఛాయ దాకా పింగాణి, ఎక్కడి నుంచి డెంటిన్ అన్న హద్దు గీయవలసింది మనిషి. కొత్త పంటిలో ఆ హద్దు స్పష్టం. వేల ఏళ్లు మట్టిలో ఉన్న పంటిలోకి భూమిలోని ఖనిజాలు చేరి డెంటిన్ కూడా గట్టిపడి ఉండవచ్చు. అప్పుడు రెండూ ఒకే ఛాయలో కనిపిస్తాయి. ఇద్దరు పరిశోధకులు గీస్తే రెండు హద్దులు వస్తాయి, రెండు కొలతలు వస్తాయి. ఇది పాఠభేదం కాక మరేమిటి? కిరణాలు దట్టమైన వస్తువులోంచి పోయేటప్పుడు మారిపోవడం వల్ల అంచులు ఉన్నదానికంటే దట్టంగా కనిపించడం కూడా ఉంది. ఇది లేఖకదోషం లాంటి యంత్రదోషం.

కనక మంచి స్కానుతో పాటు దాని జాతకం కూడా ఉండాలి. ఏ యంత్రం, ఎంత వోల్టేజి, ఎంత సూక్ష్మత, ఎవరు హద్దు గీశారు, ఏ విలువ దగ్గర గీశారు, గారను ముందే తీశారా, పంటికి జిగురు ఏమైనా పూశారా అన్న వివరాలు లేని స్కాను, ఎక్కడిదో తెలియని ప్రతి లాంటిది. అందంగా నునుపుచేసిన బొమ్మను మాత్రమే దాచి, తొలి ఛాయలను పారేయడం మరీ తప్పు. కాని జరిగేది అదే, ఎందుకంటే తొలి ఛాయలు చోటు ఎక్కువ ఆక్రమిస్తాయి. లెక్క వేసి చూడండి: ఒక్కొక్క దిశలో రెండువేల చుక్కల చొప్పున ఉన్న ఒక్క పంటి చిత్రంలో 800 కోట్ల చుక్కలు. చుక్కకు రెండు బైట్ల చొప్పున 16 గిగాబైట్లు. ఒక దవడలోని పళ్లన్నీ ఇలా దాచాలంటే చిన్న సంస్థకు భారమే. పైగా డిస్కులు పాడవుతాయి, ఫైలు తెరిచే ప్రోగ్రాములు మారిపోతాయి. చెదలు పట్టకుండా తాళపత్రాలకు ఏటేటా పసరు పూసినట్టే ఫైళ్లను కూడా కొన్నేళ్లకొకసారి కొత్త డిస్కులకు, కొత్త రూపాలకు మార్చి రాసుకోవాలి.

ఇక వ్యాఖ్యానం. డాల్‌హైమ్ స్త్రీ విషయంలో పరిశోధకులు ఒక్క ఊహతో ఆగలేదు. ఆమె చిత్రకారిణి కావచ్చు. రంగురాయి నూరి ఇచ్చిన మనిషి కావచ్చు. ఆ రాయిని మందుగా మింగి ఉండవచ్చు. గ్రంథంలోని బొమ్మలను భక్తితో ముద్దుపెట్టుకుని ఉండవచ్చు. నాలుగింటినీ తూచి, మొదటి రెండూ ఎక్కువ సంభావ్యమని తేల్చారు. మన విమర్శలో ఒక పద్యానికి అర్థం చెప్పేటప్పుడు ఇంత ఓపిక చూపించేవారు ఎందరు? కథకులకు కూడా ఇక్కడ పాఠం ఉంది. ఆధారం ఎక్కడ ఆగుతుందో తెలిసినవాడే ఊహ ఎక్కడ మొదలైందో నిజాయితీగా చెప్పగలడు.

ఎవరి నోరు, ఎవరి సొత్తు?

2018 సెప్టెంబరు 2న బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడింది. దక్షిణ అమెరికాలో దొరికిన అతి ప్రాచీన మానవ అవశేషాల్లో ఒకటైన, ‘లూజియా’ అని పేరుపడిన స్త్రీ కపాలం ఆ మంటల్లో చిక్కుకుంది. తరువాత బూడిదలో వెతికి చాలా ముక్కలు తీశారు. అంతకుముందే తీసిన స్కానులు ఉండబట్టి ఆమె రూపం పూర్తిగా పోలేదు. నిర్వహణకు నిధులు ఇవ్వని ప్రభుత్వాల నిర్లక్ష్యం ఆ మంటకు కారణమని ఆ దేశపు శాస్త్రజ్ఞులు బహిరంగంగా విమర్శించారు. స్కాను ఎందుకన్న ప్రశ్నకు ఇంతకన్నా జవాబు అక్కరలేదు. స్కాను ఉంది కదా అని మ్యూజియం పైకప్పుకు డబ్బు ఇవ్వకపోతే మాత్రం, ప్రతి తీసి మూలాన్ని తగలబెట్టినట్టే.

రెండో వైపు కూడా చూడాలి. వైద్య కళాశాలల కోసం పాశ్చాత్య దేశాలకు మానవ అస్థిపంజరాలను ఎగుమతి చేసిన దేశం మనది. 1985లో ప్రభుత్వం నిషేధించే దాకా అది సాగింది. ఆ ఎముకలు ఏ వర్గం వారివో వేరే చెప్పాలా? నాగా ప్రజల పూర్వీకుల అవశేషాలు వలస పాలన కాలంలో ఇంగ్లండు చేరాయి. వాటిని తిరిగి తెచ్చుకోవడానికి నాగాలు 2020 నుంచి ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంతో చర్చిస్తున్నారు. 2024 అక్టోబరులో ఇంగ్లండులో ఒక వేలం సంస్థ నాగా కపాలాన్ని అమ్మకానికి పెట్టి, నిరసన రాగానే వెనక్కి తీసుకుంది. ఎముకలు తిరిగి ఇచ్చేసి వాటి స్కానులను దగ్గరే ఉంచుకుంటే అది తిరిగి ఇవ్వడం అవుతుందా? ఆ స్కానునుంచి ఎవరైనా యంత్రం మీద అచ్చు తీసి ఎక్కడైనా ప్రదర్శించవచ్చు. జ్ఞానం అందరిదీ అనే మాట ఎంత నిజమో, తీసుకున్నవాడే ఆ మాట అనడంలో కొంత మోసం ఉండవచ్చుననేదీ అంతే నిజం.

నా ఉద్దేశంలో ఈ రెంటికీ పొత్తు కుదిర్చే సూత్రం కష్టమైనదేమీ కాదు. సంబంధించిన ప్రజలు ఉన్నచోట వారిని అడిగి చేయాలి, వారు వద్దన్నదాన్ని చేయకూడదు. ఇనాంగావ్, మెహర్‌గఢ్‌ల వంటి వారసులెవరో చెప్పలేని చోట, ప్రతి ఆ నేల మీది విశ్వవిద్యాలయంలో, మ్యూజియంలో తప్పనిసరిగా ఉండాలి. ఏ విద్యార్థి అడిగినా చూపించాలి. పన్ను మన దగ్గర డబ్బాలో ఉండి, దాని పాఠం మాత్రం మరెక్కడో తాళం వేసిన కంప్యూటరులో ఉండే స్థితి రాకూడదు.

మన కర్తవ్యం

తెలుగు నేల మీద ఇందుకు అత్యవసరమైన కారణం ఒకటి ఉంది. నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 వరకు తవ్వారు. బౌద్ధారామాలతో పాటు కొత్తరాతియుగపు, బృహత్ శిలాయుగపు సమాధులు కూడా అక్కడ బయటపడ్డాయి. ఆ లోయ ఇప్పుడు సాగరం నీటి అడుగున ఉంది. శిల్పాలను కొండ మీది మ్యూజియంలో ఏటా వేలమంది చూస్తారు. తవ్వకంలో పైకి తీసిన మనుషులకు మాత్రం రెండో తవ్వకం లేదు. మిగిలినంతవరకే వారు మనకు ఆధారం. వారి వంటి అవశేషాలు ఎక్కడెక్కడ ఏ డబ్బాల్లో ఉన్నాయో జాబితా తయారుచేయడం, తోమకుండా గీకకుండా ఉన్నవాటికి ముందుగా ప్రతులు తీయడం, ఆ ప్రతుల జాతకం రాసిపెట్టడం ఆరంభించవలసిన పనులు. యంత్రం లేని చోట మంచి ఫోటోలతోనైనా మొదలుపెట్టవచ్చు.

ఇందులో సాహిత్య విద్యార్థులకు పని లేదనుకోకండి. ప్రతులు పోల్చడం, పాఠభేదాలు నమోదు చేయడం, ఎక్కడిదో తెలియని పాఠాన్ని నమ్మకపోవడం మీరు నేర్చుకున్న విద్య. ఆ విద్య ఈ కొత్త ప్రతులకు ఎంతో అవసరం. ఈ శాస్త్రానికి తెలుగులో మాటలు కూడా మీరే కూర్చాలి: గార, పుచ్చు, కోరపన్ను, పింగాణి వంటి జనం మాటలు చేతిలో ఉండగా ఇంగ్లీషు పదాలను దొంతరగా పేర్చనక్కరలేదు. రచయితలకు నా మనవి వేరు. రాజుల కథలకు రాతిశాసనాలు చదివినంత శ్రద్ధగా, కుండల్లో నిద్రపోయిన ఇనాంగావ్ పిల్లల పాలపళ్ల గురించి రాసిన నివేదికలు కూడా చదవండి. తట్ట మోసినవాడి పేరు అందులోనూ దొరకదు. కాని వాడు ఏ వయసులో ఆకలికి గురయ్యాడో, ఏ నీళ్లు తాగాడో, ఏ పనికి పళ్లు అరగదీసుకున్నాడో దొరుకుతుంది. చారిత్రక నవల రాసేవారికి పేరు కన్నా అది తక్కువ సరుకు కాదు.